కుడిపక్క బిగుతు

పాకాల,
6-10-1985

అమ్మణ్ణీ పంకజం,

స్టేషన్లో మీ అన్నతో పనిచేసే మునిరామయ్య రేపటి బండికి తిరుపతి వస్తున్నాడు. దసరాకు నీ జాకెట్లు రెండూ ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. ఆకుపచ్చదానికి చేతులు పొట్టిగా పెట్టానని మొహం మాడ్చుకోకు. గుడ్డ అంతే ఉంది. ఇంకో జానెడు ఎక్కువ తీసుకుని ఉంటే నీ సొమ్మేం పోయేది?

నువ్విచ్చిన ఆది జాకెట్టు జబ్బుకు ముందుది. దాని కొలత ప్రకారమే కత్తిరించి, పోయినసారి నువ్వు చెప్పినట్టు కుడిపక్క మాత్రం కాస్త లోపలికి పట్టి కుట్టాను. మద్రాసులో రేడియేషన్ కరెంటు పెట్టాక ఆ పక్క చిక్కిపోయిందన్నావు కదా. వేసుకున్నాక రెండు పక్కలకూ తేడా ఉందని ఎవరైనా కనిపెడితే చెప్పు, మిషను అమ్మేసి మీ అన్నతో పాటు స్టేషన్లో జెండా ఊపుతాను.

మీ అమ్మ బాగానే ఉంది. ఇంటికి ఎవరొచ్చినా నీ కథ మొదటినుంచీ చెప్పాల్సిందే. నిన్న పాలుపోసే అక్కమ్మను కూర్చోబెట్టుకుంది. “మా పంకజానికి ఇరవయ్యారేండ్లకే రొమ్ములో గడ్డ లేసినాది. క్యాన్సరన్నారు. మద్రాసు డాక్టరు గడ్డ వొరకే తీసి, కరెంటు పెట్టి పంపించినాడు. రొమ్ము అట్లనే ఉండాది. అంతా తీసేయండి సామీ అని నేను మొత్తుకున్నా. ఇదేమో వొద్దనింది. రేపు బిడ్డ పుడితే పాలకు యాడికి పోవాల అంటాది.” అక్కమ్మ తక్కిన ఇళ్ళకు పోయేసరికి పాలు విరిగిపోయాయట. ఈ పొద్దు మన వీధి మొఖం చూడకుండా వెళ్ళిపోయింది.

మూడు నెలలకొకసారి మద్రాసు పోయి చూపించుకోవాలి కదా. ఆగస్టులో పోయావు, మళ్ళీ నవంబరులో పోవాలి. మీ ఆయనకు సెలవు దొరక్కపోతే చెప్పు, మీ అన్నను పంపిస్తాను. నవ్వుతూ రాస్తున్నాను గానీ, నీ ఉత్తరం వస్తే నేను ముందు చివరి లైను చదివి, అంతా బాగుందని తెలిశాకే మొదటినుంచీ చదువుతాను. ఇది మీ అన్నకు కూడా తెలియదు.

నీ వదిన,
జ్ఞానాంబ


తిరుపతి,
27-10-1985

వదినా,

కళ్ళజోడు పెట్టించుకో. కుడిపక్క ఎంత బిగుతుగా కుట్టావంటే హుక్కులు పట్టలేదు. దసరా నాడు పక్కింటి దేవకమ్మ బొమ్మల కొలువు పేరంటానికి పాత జాకెట్టుతోనే పోయాను. ఇంటికొచ్చి నువ్వు లోపలికి పట్టిన కుట్టంతా విప్పేశాను. అయినా బిగుతే. ఎడమపక్క మాత్రం సరిగ్గా కూర్చుంది. “మీ వదిన ఒకే జాకెట్టు ఇద్దురికి కుట్టినట్టుండాదే” అని ఆయన నవ్వాడు.

ఆయనకు ఈ నవ్వైనా మిగిలినందుకు సంతోషం. ఉత్సవాల రద్దీ అయిపోయిందనుకుంటే వానలు మొదలయ్యాయి. కొండ దారిలో బండరాళ్ళు దొర్లుతున్నాయట. ఆయన నడిపే బస్సు నిండా గోవింద కొట్టే జనం, ముందు అద్దం మీద మంచు. ఇంటికొచ్చాక కూడా ఆయన కుడికాలు బ్రేకు కోసం వెతుకుతూనే ఉంటుంది. నవంబరులో సెలవు ఇస్తారో లేదో తెలియదు. ఇస్తే మద్రాసు పోతాం. అన్నను తిప్పలు పెట్టొద్దు.

ఆపరేషన్ చేసి కుట్టువేసిన చోట చర్మం కింద గట్టిగా ఉంది. కరెంటు పెట్టినచోట అట్లాగే గట్టిపడుతుందని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. అందుకని నేను దాన్ని తడుముకోను. పొరపాటున చెయ్యి తగిలితే తీసేస్తాను. తడుముకున్న రోజు అన్నం సయించదు.

ఇంకో మాట రాయాలా వద్దా అని పొద్దుటినుంచీ ఆలోచిస్తున్నాను. రెండు నెలలుగా నేను బయట చేరలేదు. కరెంటు తర్వాత ఇట్లా ముందూవెనకా అవుతూనే ఉంది కాబట్టి ఏమీ అనుకోకు. ఊరికే రాశాను. అమ్మకు చెప్పొద్దు.

నీ ఆడబిడ్డ,
పంకజాక్షి


పాకాల,
4-11-1985

ఒసే పంకజం,

ఊరికే రాశావా? ఇంత సంగతి ఉత్తరం అడుగున మూలకు నెట్టి, ఊరికే రాశానంటావా? నీ చెవి మెలేయడానికి తిరుపతి దాకా చెయ్యి చాలడం లేదు నాకు.

పాకాలలో సగం మంది ఆడవాళ్ళకు నేనే కుడతాను. వాళ్ళ కడుపు సంగతి మొగుళ్ళ కంటే ముందు నాకు తెలుస్తుంది. “ఆది జాకెట్టు ప్రకారమే కుట్టినావా, ఇంత బిగుతైంది” అని దెబ్బలాటకు వస్తారు. నేను టేపు కూడా తీయను, ఎన్నో నెల అని అడుగుతాను. సిగ్గుపడి నవ్వుతారు. ఇంతవరకూ నా అంచనా ఒక్కసారీ తప్పలేదు. నీ విషయంలో తప్పుతుందా? అటు నెల తప్పింది, ఇటు జాకెట్టు బిగుతైంది. ఇంకా ఏం కావాలి నీకు, ఆకాశం నుంచి ఎవరైనా దిగివచ్చి చెప్పాలా?

ఒక పక్కే ఎందుకు అని నీకు అనుమానం వస్తుంది. మా పెద్దోడప్పుడు నాకూ ఎడమపక్కే ముందు నిండింది. ఆపైన రెండోది. రెండేళ్ళ దాకా బిడ్డ మాట ఎత్తొద్దని మద్రాసు డాక్టరు అన్నాడని భయపడుతున్నావేమో. రెండేళ్ళు నిండవస్తున్నాయి కదా. వారానికీ నెలకూ బిడ్డ ఆగుతుందా?

అమ్మకు చెప్పొద్దన్నావు. చెప్పేశాను. నా నోట మాట నిలవదని తెలిసీ రాశావంటే చెప్పమనే రాశావు. అత్త నా రెండు చేతులూ పట్టుకుని “నా కూతురు తల్లి అవుతాందా జ్ఞానా, నిజమేనా? మళ్ళా చెప్పు” అని మూడుసార్లు చెప్పించుకుంది. తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మీ అన్న డ్యూటీ నుంచి వచ్చి మమ్మల్నిద్దరినీ చూసి ఎవరో పోయారనుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఇకనుంచి నా మాట విను. మూడో నెల నిండేదాకా బస్సెక్కొద్దు. మద్రాసు దాకా ఆ కుదుపుల్లో అసలే వద్దు. ఆగస్టులో అంతా బాగుందన్నారు కదా, ఒక నెల అటూ ఇటూ అయితే ఏమీ కాదు. తిరుపతిలోని డాక్టరమ్మ దగ్గరికి కూడా ఇప్పుడే పోవద్దని, మూడో నెల దాటేదాకా ఎవరి కంటా పడకూడదని అత్త గట్టిగా చెప్పింది.

నీ వదిన, కాబోయే మేనత్త,
జ్ఞానాంబ


తిరుపతి,
21-11-1985

వదినా,

నీ ఉత్తరం చదివి, పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయేదాకా అట్లాగే కూర్చున్నాను. నిజమేనా? నాకు నేనుగా ఆ మాట అనుకోవడానికి ధైర్యం లేకపోయింది. నువ్వు రాస్తే మాత్రం నమ్మాలనిపించింది. నీకు ఒక్కసారీ తప్పలేదు కదా.

పొద్దున్నే వికారంగా ఉంటోంది. అది నీ ఉత్తరం రాకముందే ఉందా, వచ్చాక మొదలైందా అంటే చెప్పలేను. మేనత్తవట! మేనమామ పెళ్ళాం మేనత్త ఎప్పుడయిందే? సంతోషంలో వరసలు కూడా మర్చిపోయావు.

ఆయనకు చెప్పాను. బయటికి పోయి సైకిలు తుడిచాడు. తుడిచిన సైకిలునే మళ్ళీ తుడిచాడు. సంతోషం ఎక్కువైతే మగవాళ్ళు అట్లా అవుతారేమో. మరుసటి రోజునుంచి బావిలో నీళ్ళు ఆయనే తోడుతున్నాడు. “ఇంటికే పోతా ఉండావే ధనంజయా, ఇంట్లో ఏముండాది” అని డిపోలో ఆటపట్టిస్తున్నారట.

నీకొక్కదానికే చెప్పే మాట ఇది. కరెంటు పెట్టిన రొమ్ముకు పాలు పడవనీ, బిడ్డ పుడితే ఎడమదానితోనే సరిపెట్టుకోవాలనీ డాక్టరు అన్నాడు. ఇప్పుడు చూడు, పనికిరాదన్నదే ముందుగా నిండుతోంది. దీన్ని ఉంచుకుంటానని అప్పుడు అందరితో పోట్లాడానే, ఆ పోట్లాట ఊరికే పోలేదు. రోజూ నీళ్ళు పోసుకునేటప్పుడు దాన్ని నిమిరి శభాష్ అంటున్నాను. ఇన్నాళ్ళూ దాన్ని ముట్టుకోవడానికే భయపడిన మనిషిని. నవ్వకు.

మద్రాసు పోలేదు. నువ్వన్నట్టు ఆగాం, జనవరిలో పోతాం.

పంకజం


పాకాల,
12-12-1985

అమ్మణ్ణీ,

మిషను మీద నీదే కొత్త జాకెట్టు ఉంది. ఈసారి రెండు పక్కలా కుట్టు బాగా వదిలి కుడుతున్నాను, ఎంత నిండినా విప్పుకోవచ్చు. అత్త పాత నూలు చీరలు మెత్తబడేదాకా ఉతికి మడతలు పెడుతోంది. ఇప్పుడు ఆమె మాట పూర్తిగా మారిపోయింది. “ఆ పొద్దు నా మాట ఇనకుండా పోయిందే మంచిదైంది. అంతా తీసేసుంటే ఏమయ్యుండునో” అంటోంది. మొత్తుకున్నది తానేనని నేను గుర్తు చేస్తే కోపం.

ఒక సంగతి అడగాలి. ఎడమపక్క ఇంకా బిగుతు కాలేదా? ఈపాటికి కావాలి. మా పెద్దోడప్పుడు పది పదిహేను రోజులే తేడా. వెంటనే రాయి. ఊరికే అడుగుతున్నాను.

జ్ఞానాంబ


తిరుపతి,
3-1-1986

వదినా,

బిడ్డ లేదు.

క్రిస్మస్ రోజుల్లో బయట చేరాను. గర్భం పోయిందనుకున్నాను. ఏడ్చుకుంటూ ఇక్కడి డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె చూసి “పోయేదానికి కడుపంటూ ఉంటే గదమ్మా” అంది. నేను ఊరుకోలేదు. జాకెట్టు బిగుతైందని నీ మాటలే ఆమెకు అప్పజెప్పాను. ఏ పక్క అని అడిగి రొమ్ము మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. “మద్రాసుకు పొయ్యి ఎన్నాళ్ళయినాది?” అని అడిగింది. ఆమె గొంతు మారడం నాకు తెలిసింది.

మద్రాసు పోయాం. సూది గుచ్చి చూశారు. అదే. పాత కుట్టు కిందే మళ్ళీ లేచింది. కరెంటు వల్ల వచ్చిన గట్టిదనం అనుకుని నేను ముట్టుకోకుండా వదిలేసింది దాన్నే. చిన్నవయసులో జబ్బు వచ్చినవాళ్ళకు అదే చోట తిరగబెట్టడం పెద్దవాళ్ళ కంటే ఎక్కువనీ, అందుకే క్రమం తప్పకుండా రమ్మన్నాననీ డాక్టరు అన్నాడు. నవంబరులో ఎందుకు రాలేదని అడిగాడు. ఏం చెప్పను? మా వదిన బస్సెక్కొద్దని చెప్పింది సార్ అని చెప్పనా?

ఒకసారి కరెంటు పెట్టినచోట మళ్ళీ పెట్టకూడదట. ఈసారి మొత్తం తీసేయాలట. కాగితం ముందు పెట్టారు. నేను సంతకం చేయకుండా లేచి వచ్చేశాను.

మూడు రోజులుగా ఏం చేస్తున్నానో నాకే తెలియడం లేదు. పొయ్యి వెలిగించి ఏమి వండాలో మర్చిపోతున్నాను. దేవకమ్మ ఏదో అడుగుతుంటే ఆమె నోరు కదలడం కనిపిస్తోంది, మాట వినిపించడం లేదు. ఒక్కటే తిరుగుతోంది బుర్రలో. రోజూ నీళ్ళు పోసుకుంటూ నేను శభాష్ అన్నది దాన్నా? నా చేత్తో నిమిరింది దాన్నా?

నువ్వు బిడ్డన్నావు వదినా. టేపు కూడా తీయకుండానే చెప్పేదానివి కదా. నా చేత నమ్మించావు. నీ మీద నాకు ఎంత కోపంగా ఉందో రాయడానికి చేతకావడం లేదు. ఇక నాకు ఉత్తరాలు రాయొద్దు.

పంకజాక్షి


పాకాల,
10-1-1986

పంకజం,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదవకుండా చింపేసినా సరే, ముందు ఈ ఒక్క మాట చదువు. మద్రాసు పోయి సంతకం పెట్టు.

ఎప్పటిలాగే ముందు నీ చివరి లైను చదివాను. రాయొద్దన్న మాట. ఏదో అలిగిందిలే అనుకుని నవ్వుకుంటూ పైకి పోయాను. ‘బిడ్డ లేదు’ దగ్గర కేక పెట్టాను. ఆ తర్వాత మీ అన్న నా చేతిలోంచి కాగితం లాక్కుని చదివాడు. చదివి గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు. అంత మనిషి. పిల్లలు భయపడి వీధిలోకి పరుగెత్తారు.

అత్త మాత్రం “నేనప్పుడే చెప్పినా, అంతా తీసేయమని చెప్పినా” అని మొదలుపెట్టింది. పోయిన నెల ఏమందో ఆమెకు గుర్తులేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి నేను అత్త మీద అరిచాను. “నోరు మూసుకో అత్తా. పంకజం తప్పేమీ లేదు. బస్సెక్కొద్దనింది నేను” అన్నాను. ఆమె బిత్తరపోయి చూసింది. నేనూ బిత్తరపోయాను.

ఎడమపక్క సంగతి అడిగిన రోజే నాకు లోపల ఏదో గుచ్చుకుంది. అయినా సరిగ్గా అడగలేదు. ఊరికే అన్నాను. నీకు రాసిన ప్రతి మాటా ఇప్పుడు నా నోట్లోకే తిరిగి కుక్కుతున్నట్టుంది. ఇంతమంది ఆడవాళ్ళ సంగతి తెలుసుకున్నానని మిడిసిపడి నీ దగ్గర ఇట్లా చేశాను. నీ కోపానికి నేను ఎదురు చెప్పను. కానీ ఆ కోపం నీ ప్రాణం మీద తీర్చుకోకు. నీకు ఇరవయ్యెనిమిదేళ్ళు. దాన్ని తీయించుకుని బతుకు. తీయించుకున్నాక కూడా నన్ను తిట్టుకోవచ్చు, దానికి చాలా ఏళ్ళున్నాయి.

మీ అన్నా అమ్మా ఆదివారం బయలుదేరి వస్తున్నారు. నేను రాను. నా మొహం నీకు చూపించను. నువ్వు పిలిచినా రాలేను.

జ్ఞానాంబ


తిరుపతి,
24-2-1986

వదినా,

అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారుపడకు. చంకలో కూడా కొంత తీశారు కాబట్టి కుడి చెయ్యి ఇంకా నా మాట వినడం లేదు. ఒక పేజీ రాయడానికి రెండు పూటలు పడుతోంది. ఆపరేషన్ అయింది. మొత్తం తీసేశారు.

నీ ఉత్తరం చూసి మద్రాసు పోయాననుకోకు. దాన్ని చింపేశాను. చింపుతుంటే ఆయన చూశాడు. “ఆయమ్మను అనొద్దు” అన్నాడు. ఎందుకు అనొద్దని నేను మీదికి పోయాను. అప్పుడు చెప్పాడు. “దీపావళికి ముందే నా చేతికి తగిలినాది పంకజం. రాయి మాదిరి గట్టిగా ఉండాది. అడగాలనుకుంటిని. అంతలోకే నువ్వు బిడ్డ అంటివి. అంత సంతోషంగా నిన్ను ఎప్పుడూ సూళ్ళేదు. నాకు నోరు రాల్యా.”

సైకిలు తుడిచింది అందుకు. నీళ్ళు తోడింది అందుకు. ఆయన్ని కొట్టాను వదినా. చేతులు నొప్పిపుట్టేదాకా కొట్టాను. ఆయన కదల్లేదు. కొట్టి కొట్టి కూర్చున్నాక తెలిసింది. నువ్వు తెలియక బిడ్డన్నావు, ఆయన తెలిసి ఊరుకున్నాడు, నేను తెలుసుకోకూడదని చెయ్యి తీసేసుకున్నాను. ముగ్గురం కలిసి దాన్ని పెంచాం. ఇంకొక్క పూట కూడా దాన్ని పెంచడం నా వల్ల కాదనిపించింది. అన్నా అమ్మా వచ్చేదాకా కూడా ఆగలేదు. ఆ మధ్యాహ్నమే మద్రాసు బస్సెక్కాం.

ఆసుపత్రిలో నా పక్క మంచం మీద తడ నుంచి వచ్చిన పోలేరమ్మ ఉండేది. నా కంటే కాస్త పెద్దది. ఆమెకు మొదటిసారే మొత్తం తీసేశారు. అయినా అదే కుట్టు పక్కన చిన్న చిన్న గడ్డలుగా తిరిగొచ్చింది. “అంతా తీసేస్తిరి గదమ్మా, ఇంక యాడ ఇల్లు పట్టుకునిందో సూడు” అని ఆమె నాకు తెరిచి చూపించింది. అమ్మకు ఈ సంగతి నువ్వు చెప్పు. నేను చెబితే వినదు. అప్పుడు దాన్ని ఉంచుకోవడం పిచ్చిపని కాదు. ఉంచుకున్నవాళ్ళ ఆయుష్షూ తీయించుకున్నవాళ్ళ ఆయుష్షూ ఒకలాగే ఉంటున్నాయని ఇప్పుడు తేలుతోందట. కాకపోతే ఉంచుకున్నవాళ్ళు దాన్ని కనిపెట్టుకుని ఉండాలి, అంతే అన్నాడు డాక్టరు. ఇకమీద ఎట్లా ఉంటుందని అడిగాను. ఎవరూ మాట ఇవ్వలేరు, చూస్తూ ఉండాలి అన్నాడు. బిడ్డ సంగతి అడగలేదు. అడగడానికి ఇంకా కొన్నాళ్ళు పడుతుంది.

ఇంటికి తెచ్చారు. అందరూ నా మొహమే చూస్తున్నారు వదినా. చూపు మెడ కిందికి దిగదు. నాకు తోడుగా ఇక్కడే ఉన్న అమ్మ కళ్ళు మూసుకుని నీళ్ళు పోస్తుంది. కాలు మీద పోసింది మొన్న. ఆయన కట్టు మార్చేటప్పుడు గోడ మీద క్యాలెండరు చదువుతాడు. దేవకమ్మ వచ్చి వాకిట్లోనే కూర్చుని పోతుంది. నిన్న నేను అద్దం ముందు నిలబడి, నేను కూడా కళ్ళు మూసుకున్నాను. అప్పుడు భయమేసింది. ఎవరూ చూడకుండా ఊరుకుంటే ఏమవుతుందో మన ఇంట్లో అందరికీ తెలుసు.

నీ మీద కోపం పోలేదు. పోయిందని అబద్ధం రాయను. కానీ ఆడవాళ్ళ ఒంటిని సిగ్గూ జాలీ లేకుండా చూసే మనిషి మనలో నువ్వొక్కదానివే. మొహం చూపించనని రాశావు. నీ మొహంతో నాకు పనిలేదు, నీ చేతులు కావాలి. శనివారం పొద్దుటి బండికి రా. తలుపు వేసి, ఇద్దరం కళ్ళు తెరిచి చూద్దాం. ఆ తర్వాత నెల నెలా రా. కుట్టు పొడుగునా, చంకలో, ఎడమపక్క, అంతా తడిమి చూడు. ఏదైనా తగిలితే దానికి ఏ పేరూ పెట్టొద్దు. తగిలిందని చెప్పు.

పంకజం